గుండెను నొక్కే నీరు, జాడ చెప్పే డై

“గుండె చుట్టూ నీరు చేరింది” అని డాక్టరు చెబితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ నీరు ఏం చేస్తుందో, దాని జాడ తీయడంలో ఎక్స్‌రే డై ఎలా సాయపడుతుందో ఈ పూట చెప్పుకుందాం.

గుండెను పెరికార్డియం అనే రెండు పొరల సంచి కప్పి ఉంచుతుంది. పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. క్షయ, క్యాన్సర్, కిడ్నీ జబ్బు వంటివి వస్తే అది పెరగవచ్చు. మెల్లగా చేరితే సంచి సాగి లీటరు దాకా ఓర్చుకుంటుంది. గాయమై రక్తం ఒక్కసారిగా నిండితే మాత్రం 200 మిల్లీలీటర్లకే ప్రాణం మీదికి వస్తుంది. బయటి ఒత్తిడికి గుండె విప్పారలేదు, విప్పారకపోతే రక్తం నింపుకోలేదు. వైద్యులు దీన్నే టాంపొనేడ్ అంటారు. బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు సన్నగిల్లడం దీని గుర్తులని 1935లో అమెరికా సర్జన్ క్లాడ్ బెక్ చెప్పాడు.

మామూలు ఎక్స్‌రేలో గుండె నీడ పెద్దదిగా కనబడుతుంది. కానీ కండరం, రక్తం, నీరు మూడూ దాదాపు ఒకేలా పడతాయి గనుక ఏది ఏదో తేలదు. అయోడిన్ కలిసిన డై ఎక్స్‌రే కిరణాలను గట్టిగా అడ్డుకుంటుంది. దాన్ని చేతి నరంలోకి ఎక్కిస్తే రక్తం నడిచే దారి తెల్లగా తేలుతుంది. గుండె నొక్కుకుపోయి ఉంటే డై ముందుకు సాగక, వెనక్కి మళ్లి కాలేయపు సిరల్లోకి దిగడం సీటీ స్కాన్‌లో కనబడవచ్చు. గుండె కుడివైపు బలహీనపడినా ఇలాగే జరుగుతుంది కాబట్టి మిగతా గుర్తులతో కలిపి చూడాలి.

పాత డైలు రక్తం కన్నా చాలా గాఢమైనవి. ఎక్కించగానే ఒళ్లు మండేది. స్వీడన్ వైద్యుడు టోర్‌స్టెన్ ఆల్మెన్ ఆ బాధకు కారణం ఆ గాఢతేనని ఆలోచించాడు. ఉప్పెక్కువ ఉన్న సముద్రంలో కళ్లు మండుతాయి, ఉప్పు తక్కువైన నీళ్లలో మండవు అన్న అనుభవం ఆయనకు దారి చూపింది. 1969లో ఆయన ప్రచురించిన ఆలోచన నుంచే నేటి సౌమ్యమైన డైలు పుట్టాయి.

గుండె చుట్టూ నీరుందని అనుమానం వస్తే ఇప్పుడు ముందుగా చేసేది ఎకో, అంటే శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్షే. టాంపొనేడ్ అని తేలితే సూదితో నీరు తీసి గుండెకు ఊపిరి పోస్తారు. డై ఎక్కించాల్సి వస్తే, కిడ్నీ జబ్బు ఉన్నా, ఇదివరకు డై పడకపోయినా ముందే చెప్పండి. ఆయాసంతో పాటు మెడ నరాలు ఉబ్బి, కళ్లు తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.