కళ ప్రచార సాధనం మాత్రమేనా?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

నేలను, నీటిని, విత్తనాన్ని రేపటికి మిగుల్చుకునే వ్యవసాయం గురించి చెప్పాలనుకోగానే మన సంస్థలు ఒక పాట రాయిస్తాయి, ఒక వీధినాటకం వేయిస్తాయి. పాఠం మాత్రం సంస్థదే. వినే స్త్రీకి ఏమీ తెలియదన్న నమ్మకం ఈ పద్ధతిలోనే దాగి ఉంది.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు దీన్ని తిరగేశారు. వీరిలో ఎక్కువమంది దళితులు, చిన్న రైతులు. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో జొన్న, కొర్ర, సామ, కంది వంటి విత్తనాలు అలంకరించిన ఎడ్లబండ్ల మీద పాటలతో, డప్పులతో ఊరూరా తిరుగుతాయి. బండ్లు ఆగాక చర్చ సాగుతుంది. ఏ పంట తక్కువ నీటితో పండుతుంది? దేనితో ఏది కలిపి వేయాలి? అక్కడ విత్తనం దాచిన స్త్రీయే ఉపాధ్యాయురాలు. 2008లో మాచ్‌నూర్‌లో మొదలైన సంఘం రేడియోలోనూ మాట వారిదే. ఈ సంస్థ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

మన శిబిరాల్లోనూ ఇలా మొదలుపెట్టవచ్చు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తున్నారని అడగండి. బీడు ఏమయింది, చేలల్లోకి కలుపుమందు ఎప్పుడొచ్చింది, చెరువు ఎవరి చేతిలో ఉంది అన్నవన్నీ వారి నోటే వస్తాయి. ముగ్గుపిండితో ఊరి పటం గీయమనండి. ఆపైన ఇంకొకటి అడగండి: ఇందులో మీ పేరున పట్టా ఉన్న భూమి ఏది?

అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. విత్తనం ఎంచి, బూడిద కలిపి దాచే స్త్రీకి రికార్డుల్లో రైతు అన్న పేరు ఉండదు. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే అందింది. కౌలుకు చేసే స్త్రీకి, భర్త పేరున ఉన్న చేలో పనిచేసే స్త్రీకి రాలేదు. హక్కు ఇవ్వకుండా భూమిని కాపాడమని పాట నేర్పితే, ఆమె చాకిరీకి మరో చాకిరీ జోడించినట్టే.

కనుక ప్రతి కార్యక్రమం తర్వాతా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ పాట ఎవరు కట్టారు? పాట అయ్యాక ఎవరు మాట్లాడారు? ఆ మాట గ్రామసభ తీర్మానం దాకా, పట్టా దరఖాస్తు దాకా వెళ్ళిందా? మూడో ప్రశ్నకు జవాబు దొరికేదాకా మన పని పూర్తయినట్టు కాదు.