గ్యాస్ ఉండగా ఇంకా బొగ్గెందుకు?

 

"అన్నా, గ్యాస్‌కు పొగ తక్కువ కదా, గవర్నమెంట్ ఇంకా బొగ్గు ఎందుకు తవ్విస్తది?" అని గద్వాల తమ్ముడొకడు అడిగిండు. మంచి ప్రశ్న.

2012 యాదికుందా? నేనప్పుడు ఇంటర్. రాత్రి కరెంట్ ఎప్పుడొస్తదో తెల్వక మా నాన్న బోరు మోటర్ కాడనే పండుకునేటోడు. ఆ కోతలకు ఒక కారణం గ్యాసే. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో డీ6 గ్యాస్ మొదలైంది. దాని మీద ఆశతో వేమగిరి, కొండపల్లి లాంటి చోట్ల ప్లాంట్లు రెడీ చేసుకున్నారు. కానీ అంచనా తప్పింది, గ్యాస్ పడిపోయింది. 2013 కల్లా కరెంట్ ప్లాంట్లకు డీ6 గ్యాస్ ఆగిపోయింది. బయటి దేశాల నుంచి తెద్దామంటే రేటు మండిపోతది.

బొగ్గు అట్ల కాదు, మన కాళ్ల కిందే ఉంది. సింగరేణిలో రాష్ట్రానిది 51 శాతం, కేంద్రానిది 49. 2023-24లో 7 కోట్ల టన్నులు తవ్వింది. దేశం మొత్తం 2024-25లో 100 కోట్ల టన్నులు దాటింది. అందుకే సర్కారు ప్లాన్ బొగ్గు చుట్టూనే తిరుగుతది.

అయితే బొగ్గుకు పొగ ఎక్కువ, ప్లాంట్ స్టార్ట్ కావడానికి గంటలు పడ్తది. పొద్దుగూకి సోలార్ ఆగినప్పుడు తొందరగా అందుకునేది గ్యాస్ ప్లాంటే. గ్యాస్‌కు అక్కడ చాన్సుంది, రేటు దిగితేనే.

ఎల్లూరులో కల్వకుర్తి లిఫ్ట్ పంపులు తిరగాలన్నా, మన బోర్లు పోయాలన్నా కరెంటే కావాలె. అందుకే ఏ ప్లాన్ వచ్చినా ఒక్కటే అడగండి: ఇంధనం చేతిలో ఉందా, కాగితం మీదుందా?