చేవ్రాలు



గొప్పవారి చేవ్రాళ్ళను సేకరించుట పట్టణవాసుల వేడుక యని మనలో పలువురు తలంతురు. కాని గ్రంథకర్త స్వహస్తముతో పేరు వ్రాసి యిచ్చిన పుస్తకము మన పల్లెలలో నెన్ని యిండ్ల పాతపెట్టెలలో పడియున్నదో! అట్టి పుస్తకములను గూర్చియే నేడు ముచ్చటించెదను. ఇందు నేనొనర్చిన తప్పొకటి కలదు. ముందుగా దానినే విన్నవించుకొందును.

మాది జోగిపేట. నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ యొక్క ప్రథమ సమావేశము 1930 మార్చి నెలలో, సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను, మా యూరనే జరిగినది. ఆ దినములలో వచ్చినవారు కొందఱు మా తాతగారి యింట భుజించిరి. వారిలో నొక పండితుడు వెడలునపుడు తాను రచించిన శతకమును తాతగారికిచ్చి, మొదటి ఖాళీపుటపై మా యింటి జొన్నరొట్టె మఱువరానిదని వ్రాసి, క్రింద చేవ్రాలు చేసెను.

పదునైదవయేట నాకు చేవ్రాళ్ళ పిచ్చి పట్టినది. అందుకొక నోటుపుస్తకము కుట్టుకొంటిని. ఈ శతకము కంటబడగానే పేరున్నంతమేర బ్లేడుతో కోసి, మైదాపిండి యుడికించిన బంకతో దానిలో నతికించితిని. పుట వెనుకవైపు త్రిప్పియైన చూడనైతిని.

ఉద్యోగము విరమించిన పిదప పెట్టె సర్దుచు ఆ శతకమును మరల తెఱచితిని. ఆ పుట వెనుక తాతగారు, సభదినములలో మా యింట భుజించినవారి పేర్లను, ఊళ్ళతో సహా, వరుసగా వ్రాసియుంచిరి! పదునొకండు పేర్లు నిలిచియున్నవి. అడుగున నాలుగు వరుసలుండవలసిన చోట కిటికీవంటి సందు. ఆ నాలుగు పేర్లును నా నోటుపుస్తకములో బంకక్రింద చిక్కియున్నవి. అంచు కొంచెము తడిపి యూడదీయబోయితిని. సిరా చెదరుట చూచి, చేయి వణకి, మానుకొంటిని.

చేవ్రాలునకు వెల యెట్లేర్పడునని యడుగుదురేమో. గాంధీగారు హరిజననిధికై చేవ్రాలొక్కింటికి 5 రూపాయలు పుచ్చుకొనెడివారు. అది దానమేగాని వెల కాదు. బజారున నైతే వ్రాసినవాని ప్రసిద్ధిని, అరుదుతనమును, పుస్తకపు స్థితిని చూతురు. ఉత్త పేరు కంటె, ఎవరికి, ఎప్పుడు, ఏల యిచ్చిరో తెలుపు వాక్యముగల ప్రతి మేలు. అచ్చువేసిన సంతకమును చూచి మోసపోవువారును కలరు. అందు సిరా అంతటను ఒక్కతీరుగ నుండును. కలముతో వ్రాసినచో గీతను గీత దాటుచోట చిక్కబడును.

నా మట్టుకు నాకు ప్రసిద్ధుని సంతకముకంటె పల్లెటూరి కవిది విలువగలది. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కలరు. వారిలో నెందఱి చేతివ్రాత నేడు చూడగలము? ప్రసిద్ధుని చేవ్రాలు పదిచోట్ల దొరకును. పల్లె కవిది అతడు పుస్తకమిచ్చిన యింటనే యుండవలెను. ఆ యింటివారు దానిని పాతకాగితములవానికి తూకమునకు వేసిన, అంతటితో సరి. కావున పుటను కోయకుడు. అంటుడుపట్టీలు వేయకుడు, అవి పచ్చబడి కాగితమును చెఱచును. ఏదైన వ్రాసికొనవలసిన, పెన్సిలుతో వేఱుకాగితముపై వ్రాసి లోపల నుంచుడు.

శతకమును, నోటుపుస్తకమును ఇప్పుడొక్క గుడ్డలోనే చుట్టి యుంచితిని. మొన్న ఆ యతికించిన తునుకను ఎండకెదురుగ పట్టి చూచితిని. అక్షరములు తలక్రిందులుగాక, అద్దములోవలె కుడియెడమలై, కొంచెము కొంచెము తోచినవి. ఒక పేరు చివర 'య్య' యున్నది. దాని ప్రక్కన ఊరిపేరు చివర 'పేట' యున్నది. మన సీమలో పేటలకు కొదువయా! మీ పెద్దలలో నెవరైన 1930లో జోగిపేట సభకు వచ్చి, ఎవరింటనో జొన్నరొట్టె తింటిమని చెప్పగా వినియున్నచో, ఆ పేరు, ఊరు నాకు తెలుపగోరుచున్నాను. తాతగారి వరుసలో ఆ చోటింకను ఖాళీగానే యున్నది.