యంత్రము మారినను అక్షరము మారరాదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన మైలాపూరున శ్రీబాగులో నివసించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రికను 1914లో మదరాసున దినపత్రిక గావించిరి. సీసపు అచ్చు ఏ ఊరికి పోయినను అక్షరము అక్షరమే. కంప్యూటరులో అట్లు గాదు.

విండోస్ యంత్రమున పాత ఫాంటులతో కూర్చిన తెలుగు పుటను, బొమ్మలు దిద్దుటకై మెకింటాష్‌లో తెరచినచో, ఆ ఫాంటు అందు లేనప్పుడు అర్థములేని గుర్తులే కనబడును. ఏలయన, అవి ఆంగ్లాక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగినవి. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకే 128 స్థానములు కేటాయించినది. అందు కూర్చిన వ్రాతకు ఫాంటు మారినచో రూపము మారును గాని మాట మారదు.

కావున యంత్రము మార్చుటకు ముందే పాత ప్రతులను యూనికోడులోనికి మార్పించి, ఒత్తులు సరిచూడుడు. పరరాష్ట్రమున మన పిల్లలు తెలుగున వ్రాసిన కథ యొక్కటియు చెడిపోరాదు.