లారీ ఎక్కే ఈతకొలను

ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పున్న ఫైబర్‌గ్లాస్ ఈతకొలను ఒకే తొట్టిగా తయారైతే, దానికి మొదటి గండం రోడ్డు మీదే. మన దేశంలో లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అమెరికాలోనూ హద్దు ఇంచుమించు అంతే. దాటితే ప్రత్యేక అనుమతులు కావాలి. ఇల్లు చేరాక గోడ మీదుగా దించడానికి క్రేను ఖర్చు వేరే!

అదే తొట్టిని అడ్డంగా నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి రెండు మీటర్లే. పక్కకు తిప్పి పెడితే మామూలు లారీలోనే పడుతుంది.

చిక్కంతా అతుకు దగ్గర. ప్రతి ముక్క అంచునూ అచ్చులోనే బయటికి మడతలా మలుస్తారు. రెండు మడతల నడుమ రబ్బరు పట్టీ పెట్టి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులతో బిగిస్తారు. లోపలివైపు గాజునారల పట్టీని (గ్లాస్ మ్యాట్) రెజిన్‌తో తడిపి అతికిస్తే నీరు కారదు. కాకపోతే మళ్లీ విప్పాలంటే కోయాల్సిందే. 1.4 మీటర్ల లోతు నింపితే నీరే దాదాపు 45 టన్నులు. కింద పరిచిన ఇసుక ఒకచోట కుంగినా ఆ భారమంతా అతుకునే లాగుతుంది. నేల చదును విషయంలో పిసినారితనం పనికిరాదు.

2024లో అమెరికా ఒలింపిక్ ఈత ఎంపిక పోటీలకు ఇండియానాపోలిస్ ఫుట్‌బాల్ స్టేడియంలో కొలనులను విడిభాగాలతోనే బిగించి, పోటీలయ్యాక విప్పేశారు. అవి మాత్రం స్టీలు పలకలవి.