ఎవరో, ఎవరైనా, ఎవరూ: ఆంగ్లపరీక్షలలో ఒక చిక్కు

ఆంగ్లవ్యాకరణ పరీక్షలలో ఒక ప్రశ్న తరచుగా కనిపించుచుండును. వాక్యములో ఒక ఖాళీ విడిచి, దాని క్రింద నాలుగు మాటలు ఇత్తురు: సమ్‌బడీ, ఎనీబడీ, నోబడీ, ఎవ్రీబడీ. వీనిని ఇండెఫినిట్ ప్రొనౌన్‌లు, అనగా అనిశ్చయార్థక సర్వనామములు అందురు. నాలుగును ఒకే అచ్చులో పోసినట్లుండుటచే, విద్యార్థి చెవికి ఇంపైనదానిని గుర్తించి ముందునకు సాగును.

గూడెం కొత్తవీధి వంటి మన్యపు మండలములో ఆ ఒక్క మార్కు చిన్నది కాదు. ఆ కొండలలో తెలుగుతోపాటు కువి, కోయ, ఆదివాసీ ఒరియా భాషలు వినవచ్చును. కొందరు పిల్లలకు తెలుగు రెండవ భాష, ఆంగ్లము మూడవది. ఏజెన్సీ ఉపాధ్యాయ పదవులను నూటికి నూరును స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి ప్రభుత్వోత్తరువును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ పిమ్మట బడిపంతులు కాగోరు మన్యపు యువతీయువకులకు పోటీ హెచ్చినది. ఆ పోటీపరీక్షలో ఆంగ్లమును ఒక భాగము.

అయినను, ఈ ప్రశ్నకు కావలసిన భేదములలో పెక్కు తెలుగు తెలిసిన పిల్లవానికి తెలిసియే ఉన్నవి. 'సంతలో ఎవరో నిన్ను అడిగారు' అన్నప్పుడు మనిషి ఉన్నాడు, పేరు మాత్రము తెలియదు. ఇది సమ్‌బడీ. 'చింతపల్లి బస్సులో ఎవరైనా వచ్చారా?' అన్నప్పుడు మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఇది ఎనీబడీ. 'ఈ పని ఎవరైనా చేయగలరు' అన్నప్పుడును అదే మాట. 'కాఫీతోటలో ఎవరూ లేరు' అన్నచో నోబడీ. 'అందరూ' అన్నచో ఎవ్రీబడీ.

ప్రశ్నలలో సమ్‌బడీ రానేరాదని కొందరు బోధింతురు. అది సరికాదు. 'ఎవరైనా వచ్చారా?' అనుటకును, 'ఎవరో వచ్చారా?' అనుటకును గల భేదము మన చెవికే తెలియును. రెండవ ప్రశ్న వేయువాడు వాకిట అలికిడి విని, అవునను జవాబునే ఎదురుచూచుచున్నాడు. అట్టి ప్రశ్నలో ఆంగ్లమునను సమ్‌బడీయే వచ్చును.

తెలుగు మనలను తప్పుదారి పట్టించు తావులు మూడు కలవు.

మొదటిది నిషేధము. 'ఎవరూ రాలేదు' అను వాక్యములో లేదనుట క్రియలో ఉన్నది. ఆంగ్లములో అది నోబడీ అను మాటలోనే ఇమిడియుండును గనుక క్రియలో మరల రాదు: నోబడీ కేమ్. తెలుగును అనుసరించి 'నోబడీ డిడ్ నాట్ కమ్' అన్నచో, రానివారే లేరను విపరీతార్థము కలుగును. 'ఐ డిడ్ నాట్ సీ' అను మాటల తరువాత ఖాళీ ఉన్నచో ఎనీబడీ వ్రాయవలెను. హార్డ్‌లీ, విదౌట్ అను మాటలలోను లేమి దాగియున్నది. వాని వెంటను ఎనీబడీయే.

రెండవది వచనము. 'అందరూ వచ్చారు' అనునది బహువచనము, ఎవ్రీబడీ ఏకవచనము. 'ఎవ్రీబడీ హాజ్ కమ్' అనవలెను, హావ్ అనరాదు. 'ప్రతి ఒక్కడూ వచ్చాడు' అని మనసులో అనుకొన్నచో ఈ పొరపాటు జరుగదు.

మూడవది మర్యాద. ఇంటికి వచ్చినవారిని మనము 'ఏమైనా తాగుతారా?' అని అడుగుదుము. ఆంగ్లములో ఎనీథింగ్ అనుట తప్పు కాదు గాని, ఇచ్చుటకు సిద్ధముగా ఉన్నవారు సాధారణముగా సమ్‌థింగ్ అందురు. పరీక్షలు కోరునదియు అదియే.

సమ్‌బడీకిని సమ్‌వన్‌కును అర్థభేదము లేదు. అయితే 'ఆఫ్ దెమ్' అను మాటలకు ముందు నోవన్ రాదు, నన్ రావలెను.

మీ యింట పరీక్షకు చదువువారు ఉన్నచో, ఖాళీ ఉన్న వాక్యమును ముందు తెలుగులో చెప్పించుడు. ఇంటిభాష వేరైనచో ఆ భాషలోనే చెప్పించుడు. అర్థము తేలిన పిమ్మట వాక్యములో నిషేధము ముందే ఉన్నదా, క్రియ ఏ వచనములో ఉన్నది అని చూడుమనుడు. మచ్చునకు, 'దేర్ ఈజ్ నాట్' అని మొదలై, ఖాళీ తరువాత 'ఇన్ ది ఆఫీస్' అని ముగియు వాక్యమును తీసికొనుడు. తెలుగులో 'ఆఫీసులో ఎవరూ లేరు'. వెంటనే నోబడీ అని చేయి సాగును. కాని నాట్ అను మాట అచ్చట ముందే కూర్చున్నది. కావున జవాబు ఎనీబడీ.