పల్లె పిల్లల ఒంట్లో రక్తం లెక్క ఎవరు రాస్తారు?

(యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం సభల్లో భూమి గురించి మాట్లాడాం. కూలి గురించి, దాడుల గురించి మాట్లాడాం. మన పిల్లల ఒంటి గురించి మాత్రం ఎప్పుడూ ఆఖర్న, పొద్దుపోయి జనం లేచిపోతున్నప్పుడు మాట్లాడాం. ఇవాళ దాంతోనే మొదలుపెడదాం.

ఇది ఉద్యమం పని కాదు, డాక్టర్ల పని అంటారు కొందరు. కారంచేడు ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు దగ్గర! మాదిగలు తాగే నీళ్ల దగ్గర గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. ఒక ఆడకూతురు బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగుర్ని చంపారు. చుండూరు ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు తగిలినందుకు! 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు. తాగే నీళ్లు, ఒంటికి రక్షణ మనకి వేరువేరు సంగతులు ఎప్పుడూ కాలేదు.

ఇక లెక్కలు చూద్దాం. 2019-21లో సర్కారు చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ఆంధ్రప్రదేశ్ గురించి ఏం చెప్పింది? 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తం తక్కువ. 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లయింది. 15-19 ఏళ్ల పిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో గర్భిణులో అయ్యారు. దేశం మొత్తం మీద ఆ లెక్క నూటికి 7 కూడా లేదు.

ఈ మూడూ ఒకే గొలుసు. తిండి చాలని పిల్లకి రక్తం ఉండదు. రక్తం లేని పిల్లకి పెళ్లి చేస్తాం. ఆ పిల్ల తక్కువ బరువు బిడ్డని కంటది. ఆ బిడ్డ మళ్లీ రక్తం చాలకుండానే పెరుగుద్ది.

ఇంకో మాట. ఇది రాష్ట్రం సగటు. ఊరినీ పల్లెనీ కలిపి తీసిన లెక్క. మెరకనీ పల్లాన్నీ కలిపి అంతా చదునే అంటే నీళ్లు నిలిచేది ఎవరి గుడిసెలో? మన పల్లె లెక్క మన ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద ఎక్కడైనా రాసుందా?

మా పల్లెలో పదహారేళ్ల పిల్ల మిరపకోతలో కళ్లు తిరిగి సాల్లో పడిపోయింది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. మేమూ అప్పుడు నోరు మెదపలేదు. రెండోసారి పడ్డాక పరీక్ష చేయిస్తే రక్తం 7 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లకి కనీసం 12 ఉండాలి. తెల్లారి టీ తాగి పోవడం, మధ్యాహ్నం దాకా మెతుకు లేకపోవడం. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర బడి మానేసిన పిల్లలకి అంగన్‌వాడీలో ఇవ్వాలని మాకూ తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మగపిల్లల సంగతి? సెప్టిక్ ట్యాంకులోకి మనుషుల్ని ఏ రక్షణా లేకుండా దించడం నేరమని 2013లో చట్టం వచ్చింది. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. శవానికి డబ్బు పెరిగింది, దించేవాడు మాత్రం మానలేదు. పై కులపోడి పిల్లవాణ్ణి ఎవరైనా అందులోకి దించుతారా? తమ్ముళ్లూ, లోపల విషవాయువు ఉంటది. రెండు పీల్పులకే మనిషి పడిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. వెయ్యి ఇచ్చినా, రెండు వేలిచ్చినా దిగొద్దు. ఎవరైనా పడిపోతే దూకొద్దు, 108కి, ఫైరింజనుకి ఫోన్ చెయ్యండి.

అందుకని మనం నాలుగు పనులు పెట్టుకుందాం.

ఒకటి, ప్రతి పల్లెలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లలందరి పేర్లూ మనమే నోటుపుస్తకంలో రాద్దాం. ఏఎన్ఎం అమ్మని పిలిచి అందరికీ రక్తపరీక్ష అడుగుదాం. ఆమె మన శత్రువు కాదు, ఆమె మీదా పని బరువే.

రెండు, వారం మాత్ర, ఆరునెలలకోసారి నులిపురుగుల మాత్ర బడి మానేసిన పిల్లలకీ అందాయా అని చూద్దాం. ఐరన్ మాత్ర అన్నం తిన్నాక వెయ్యాలి, టీతో వెయ్యొద్దు. రక్తం మరీ తగ్గితే మాత్రతో సరిపెట్టొద్దు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూడు, 18 నిండని పిల్లకి పెళ్లి మన ఇంట్లో అయినా ఆపుదాం. 1098కి ఫోన్ చేద్దాం. ఊరోళ్లని నిలదీసే నోరు మన గడపలో మూగబోకూడదు.

నాలుగు, రక్తం లెక్క కులాలవారీగా, పల్లెలవారీగా బయటపెట్టమని మండలాఫీసు ముందు కూర్చుందాం.

మనకు భూమి కావాలి, చదువు కావాలి, అధికారం కావాలి. అవి వచ్చేనాటికి వాటిని పట్టుకునే చేతుల్లో రక్తం ఉండాలి గదా! ఆ నోటుపుస్తకం ఈ రాత్రే మొదలుపెడదాం.

జై భీమ్!